అరగని రొట్టె

పోయినేడు స్వర్ణాల చెరువులో
మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి
నేను ఇంటి రొట్టె పట్టుకున్నా.
పది బారల అవతల, కొంగులూ టోపీలూ దాటుకుని
పెంచల ప్రసాదు ఉద్యోగం రొట్టె పట్టుకున్నాడు.
ఎవరిది వాళ్ళం తినేశాం, ఒకరికొకరం చెప్పుకోకుండా.
తెలిసుంటే
ఒకరమన్నా ఆరోగ్యం రొట్టె తినుండేవాళ్ళం.

రెండు కోరికలూ ఒకే నెలలో తలుపు తట్టాయి.

బుజబుజ నెల్లూరులో రెండు పడగ్గదుల ఇల్లు.
వంటింటి కిటికీ తెరిస్తే హైవే లారీలు,
మూస్తే నిశ్శబ్దం.
మూసుకునే కిటికీ మాకు మునుపెప్పుడూ లేదు.
రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం.
బ్యాంకులో ఫైలు కదిలింది.
ఆధారు, పాను, పే స్లిప్పులు, లీగల్ ఒపీనియను,
ముప్పై ఏళ్ళ కింద ఆ నేలలో
మొలగొలుకులు పండించిందెవరో కూడా
బ్యాంకుకి తెలుసు.
మా ఆయన కంపెనీలో
ఫ్రీజరు రెండో లైను ఆగిపోయిందని తెలీదు.

పదకొండేళ్ళుగా ఆయన చూసేది రొయ్యల నాణ్యం.
నల్లమచ్చ పడిందాన్నీ, తల వదులైందాన్నీ
చూపుడువేలితో పక్కకు తోస్తాడు.
ఆర్డర్లు తగ్గి, మూడు షిఫ్టులు ఒకటైనప్పుడు
ముత్తుకూరు దారిలో నూనె ఫ్యాక్టరీ పిలిచింది.
ఆరు వేలు ఎక్కువ.
పదిహేను రోజుల్లో చేరాలి.

లోను మేడం జోసెఫిన్ గారు
ఆఖరి కాగితం మా వైపు తిప్పింది.
‘ఉద్యోగంలో మార్పు ఉన్నచో తెలియజేయగలవాడను.’
కింద చుక్కల గీత.
రేపొచ్చి పెడతానని లేచాడాయన.

రాత్రి ఇంట్లో రభస.
‘గమ్మునుండు బావా,
చెక్కు పడినాక రాజీనామా ఇయ్యి,
ఎవుడు చూడొచ్చాడు?’ అన్నాడు మా తమ్ముడు.
నేనూ అదే అన్నా. అనలేదని ఇప్పుడు అబద్ధమాడను.
ఆగిపోయే ఉద్యోగమేమో పర్మనెంటంట,
నిలిచే ఉద్యోగమేమో ప్రొబేషనంట,
ఇదేం లెక్కని అరిచాను కూడా.
ఆయన నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటా ఉన్నాడు,
వాసన పోవడానికి.
‘మచ్చ కనపడినాక పెట్టెలో ఎట్టా పెట్టేది?’
అంతే అన్నాడు. అన్నం కూడా సగమే తిన్నాడు.

పొద్దున చెప్పేశాడు.
మేడం పెన్ను ఆగింది.
మొహంలో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.
‘కొత్త కంపెనీవి మూడు స్లిప్పులు తెండి’ అని
ఫైలు తాడు విప్పి మళ్ళీ కట్టింది,
ఈసారి కాస్త బిగించి.

ఇల్లుగలాయన ఖలీలు సాబు కావలి నుంచి ఫోన్లో
చాలాసేపు దగ్గాడు.
అడ్వాన్సు పోయిందనే అనుకున్నా.
‘మూడు నెలలంటే మూడే.
నాలుగోది అడగబాకమ్మా.’

ఐదూ నలభైకి ముత్తుకూరు బస్సు.
చొక్కాకి ఇప్పుడు పామాయిలు వాసన.
దిండుకి మాత్రం ఇంకా రొయ్యే.
బీరువాలో చీరల మడతన రెండు స్లిప్పులు,
మూడోదానికి ఊరికే చోటు వదిలా.

ఈలోపు మొహర్రం వచ్చింది.
ఒక్క రొట్టె కాల్చాను.
చెరువులో నీళ్ళు పోయినేటికన్నా తక్కువ, జనం ఎక్కువ.
కనిగిరి పిల్ల, బీటెక్ అంట,
ప్యాంటు మడిచి చెయ్యి చాపింది:
‘ఉద్యోగం రొట్టేనా అక్కా?’
‘ఉద్యోగందే’ అని ఇచ్చా.
ఇంట్లో లోను ఏదన్నా నడుస్తుందా అని
అడగబోయి ఊరుకున్నా.

తర్వాత నా కాళ్ళు వాటంతటవే
‘ఇంటి రొట్టె, ఇంటి రొట్టె’ అనే గొంతు వైపు నడిచాయి.
‘మొదటిసారా?’ అందావిడ.
‘కాదు. పోయినేటిది ఇంకా అరగలేదు.’
నవ్వి, సగం తుంచబోయిందల్లా
మొత్తం నా చేతిలో పెట్టింది.

ఈసారి పెంచల ప్రసాదుని కేకేసి పిలిచా.
ఏం రొట్టె అని అడక్కుండానే
తన సగం నోట్లో వేసుకున్నాడు.
ఉప్పు తక్కువైందన్నాడు.